పెరట్లో స్వీట్ కార్న్: పందిని, చిలకను, తుపానును దాటించి పొత్తు ఇంటికి తెచ్చుకునే పద్ధతి

"పందులొచ్చి పోయినాయి, ఇప్పుడు కంచె ఎట్ట కట్టేది?" మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో ఉదయగిరి, రాపూరు, కనిగిరి వైపు నుంచి నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే. కావలి, ఒంగోలు వైపు వాళ్లు ఇంకోటి అడుగుతారు: "గాలికి మొక్కలన్నీ పడుకున్నాయి, లేపి కట్టమంటారా?" రెండు ప్రశ్నలూ సరైనవే, కాకపోతే నెల రోజులు ఆలస్యంగా వచ్చినవి.

పెరటి మొక్కజొన్నకు 80 రోజులూ కాపలా అక్కర్లేదు. జంతువుల బెడద గట్టిగా ఉండేది రెండే సార్లు. మొలక బయటపడ్డ మొదటి పది రోజులు ఒకటి, పొత్తులో గింజ పాలు పట్టే ఆఖరి పన్నెండు పదిహేను రోజులు రెండోది. కట్టాల్సిన కంచె, తాడు, వల ఏవైనా ఈ రోజులు రాకముందే కట్టి ఉండాలి. పంది ఒక్కసారి తీపి రుచి చూసి వెళ్లాక కట్టే కంచెకు సగం బలమే ఉంటుంది.

కింది లెక్కలన్నీ ఆరు అంకణాల మడికి ఇస్తున్నాను. నెల్లూరు కొలతలో అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ప్రకాశం వాళ్లు అర సెంటు అనుకుంటే సరిపోతుంది. ఇందులో దాదాపు 160 మొక్కలు పడతాయి. మొక్కకు ఒక మంచి పొత్తు లెక్కేసుకోండి, రెండోది వస్తే అదృష్టం.

## 1. విత్తే ముందు క్యాలెండర్ తీయండి

విత్తనం కొనకముందే పీచు (పొత్తు కొసన వేలాడే సన్నటి పోగుల కుచ్చు) ఎప్పుడు వస్తుందో లెక్కేయండి. మన ఎండలకు విత్తిన 50–55 రోజులకు పీచు బయటికి వస్తుంది. అక్కడి నుంచి 18–22 రోజులకు కోత. చలి రోజుల్లో ఇంకో వారం కలుపుకోండి.

మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతానికి పెద్ద గాలివానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను ఇంకా అందరికీ గుర్తే. ఆ రోజుల్లో మొక్క నిలువెత్తు పెరిగి, నెత్తిన మగపూతతో, నడుమున పొత్తుతో నిలబడి ఉంటే దాన్ని ఏ తాడూ కాపాడలేదు. సెప్టెంబరులో విత్తితే సరిగ్గా అదే జరుగుతుంది.

- అన్నిటికన్నా మంచి అదను: డిసెంబరు 20 నుంచి జనవరి 15 లోపు. ఫిబ్రవరి ఆఖరుకు పీచు, మార్చి మూడో వారం నుంచి పొత్తులు.
- రెండో అదను: జూలై మొదటి పక్షం. సెప్టెంబరు ఆఖరుకు కోత అయిపోతుంది. మొదటి నెల నీళ్లు బాగా ఇవ్వగలిగితేనే దీనికి దిగండి.
- వద్దు: సెప్టెంబరు, అక్టోబరు. ఫిబ్రవరి 15 తర్వాత కూడా వద్దు. పూత ఏప్రిల్ ఎండలో పడి పుప్పొడి మాడిపోతుంది, పొత్తులు బోసినోళ్లలా వస్తాయి.

ఇంకొక్క మాట. పక్క పొలంలో మామూలు మొక్కజొన్న ఉంటే దాని పుప్పొడి గాలికొచ్చి మీ పొత్తుల మీద పడుతుంది. పడిన చోటల్లా గింజ గట్టిగా, చప్పగా తయారవుతుంది. వాళ్ల పూతకూ మీ పూతకూ కనీసం మూడు వారాల తేడా ఉండేలా విత్తండి.

## 2. మీ మడికి వచ్చేది ఎవరో ముందు తేల్చుకోండి

శత్రువు ఎవరో తెలియకుండా డబ్బు పెట్టకండి. పందికి వేసే కంచె చిలకను ఆపదు, చిలక కోసం కట్టే వలను పంది ముట్టెతో ఎత్తి పారేస్తుంది. కిందటి పంట చూసి ఉంటే గుర్తులు జ్ఞాపకం తెచ్చుకోండి. లేదంటే విత్తే ముందు వారం రోజులు మడి చుట్టూ రెండడుగుల వెడల్పున ఇసుక పరిచి, పొద్దున్నే అడుగులు చూడండి. కోస్తా వైపు నేల ఎలాగూ ఇసుకే కాబట్టి ఆ శ్రమ కూడా లేదు.

- అడవి పంది: మొక్కలు మొదలంటా పడిపోయి, తొక్కి నలిపేసి ఉంటాయి. నేల ముట్టెతో దున్నినట్టు ఉంటుంది. రెండు గిట్టల అచ్చులు. వచ్చేది రాత్రి.
- నక్క: అక్కడక్కడా ఒక్కో మొక్క వంగి, పొత్తు లాగి, రేకులు చీల్చి తిని బెండు వదిలేసి ఉంటుంది. నేల తవ్వి ఉండదు. చాలామంది దీన్ని పంది ఖాతాలో రాస్తారు.
- ముళ్లపంది: మొక్క మొదలు పళ్లతో కొరికి పడేసి ఉంటుంది. దగ్గర్లో ఓ ముల్లు దొరికితే ఇక అనుమానమే అక్కర్లేదు.
- రామచిలకలు: మొక్క నిలబడే ఉంటుంది. పొత్తు కొస చీలి, పైగింజలు గిల్లినట్టు ఉంటాయి. పొద్దు పొడిచాక గంట, సాయంత్రం గంట వాటి టైము.
- ఎలుక, పందికొక్కు: పొత్తు పక్కనుంచి కొరికి, కింద పొట్టు రాలి ఉంటుంది. గట్టున కలుగు కనిపిస్తుంది. ఇదే పని పగలు జరిగితే ఉడుత.
- కోతి: పొత్తు విరిచి, ఒక్క కొరుకు కొరికి, పారేసి, ఇంకోటి విరుస్తుంది. మడంతా సగం తిన్న పొత్తులే.
- నెమలి: మొలకలు పీకేయడం, కింద ఉన్న పొత్తులు పొడవడం. మూడు వేళ్ల పెద్ద అచ్చు.

ఊరి పందులు, మేకలు, పక్కింటి కోళ్లు కూడా ఈ జాబితాలోవే. వాటికి ముందు మందు పక్కింటివాళ్లతో ఓ మాట.

## 3. నాటేటప్పుడే గాలికి తయారు చేయండి

ఒకటే పొడుగు సాలుగా గోడ వెంబడి వేయడం పెరటి తోటల్లో నేను ఎక్కువగా చూసే తప్పు. మొక్కజొన్న పుప్పొడి గాలికి రాలి పీచు మీద పడాలి. ఒక్క పీచు పోగు ఒక్క గింజకు లెక్క. ఒంటరి సాలులో పుప్పొడి గాలికి కొట్టుకుపోతుంది. పైగా ఆనుకోవడానికి తోడు లేక మొక్క త్వరగా పడిపోతుంది. చదరంగా, కనీసం నాలుగు సాళ్లు పక్కపక్కన వేయండి. మన మడికి రెండడుగుల ఎడంతో ఆరు సాళ్లు, సాలులో మొక్కకు మొక్కకు 8 అంగుళాలు.

బోదెలు తోలి, బోదె పక్క వాలులో అంగుళంన్నర లోతున గింజ పెట్టండి. నీళ్లు నిలిచే నేలైతే ఇది తప్పనిసరి. మడికి పల్లంగా ఉన్న వైపు జానెడు లోతు కాలువ ఇప్పుడే తవ్వి, నీళ్లు వీధి కాలువలోకో గుంటలోకో పోయే దారి చూసుకోండి. వానలో గొడుగు పట్టుకుని తవ్వే కాలువ ఎప్పుడూ వంకరగానే పోతుంది.

చెట్టు కొమ్మలకు, పిట్టగోడకు పదడుగుల లోపు మడి పెట్టకండి. కోతికీ ఉడుతకీ అది మెట్లదారి.

విత్తే రోజు సరిచూసుకోండి:
- కోత తేదీ తుపాను నెలల్లో పడటం లేదు కదా
- నాలుగు సాళ్లకు తగ్గలేదు కదా
- నీళ్లు బయటికి పోయే కాలువ తవ్వారా
- మడి చుట్టూ మనిషి నడిచే మూడడుగుల బాట వదిలారా (కంచెకు, పొత్తుకు మధ్య ఈ ఎడం ఉండాలి)

## 4. మొదటి పది రోజులు: మొలక కాపలా

స్వీట్ కార్న్ గింజ ముడుచుకుపోయి తేలిగ్గా ఉంటుంది, మామూలు మొక్కజొన్నంత జవసత్వం ఉండదు. రాత్రంతా నానబెట్టొద్దు, బురదలో విత్తొద్దు, కుళ్లిపోతుంది. తడి ఆరిన పదునులో విత్తి, మొలక వచ్చే దాకా పలచగా నీళ్లివ్వండి. చీమలు కూడా ఈ గింజను ఎత్తుకుపోతాయి. అందుకే మందు పట్టించిన విత్తనమే కొనండి, ఆ విత్తనం పిల్లల చేతికి ఇవ్వకండి.

మొలక అంగుళం లేవగానే కాకులు, గోరింకలు, నెమళ్లు దిగుతాయి. మొలక పీకి, అడుగున మెత్తబడ్డ గింజ తినేసి, ఆకును అక్కడే పడేసిపోతాయి. దీనికి ఖర్చు లేని పని, సాళ్ల మీద సర్కారు తుమ్మ కంప పలచగా పరచడం. మొక్క జానెడు లేచాక జాగ్రత్తగా తీసేయండి. మీ చేతులకు గుచ్చుకుంటే నన్ను తిట్టుకోవద్దు, చేతికి గోనెగుడ్డ చుట్టుకోమని ఇప్పుడే చెబుతున్నాను.

కోళ్లు, నెమళ్లు మరీ ఎక్కువైతే నేలలో విత్తడమే మానేయండి. కాగితం కప్పుల్లోనో ప్రో ట్రేల్లోనో (గుంటలున్న నారు ట్రేలు) విత్తి, ఎనిమిది పది రోజుల మొక్కను మట్టిగడ్డ చెదరకుండా నాటుకోండి. ఇంకా ముదిరాక నాటితే మొక్క గిడసబారుతుంది. పోయిన మొక్కల చోట పెట్టడానికి ఎలాగైనా ఇరవై కప్పులు అదనంగా ఉంచుకోవడం మంచిది.

ఇక్కడే కత్తెర పురుగు సంగతి కూడా. అది జంతువు కాదు గానీ మొక్క సుడిని (నడినెత్తిన చుట్టుకుని ఉండే లేతాకులను) తినేస్తుంది, సుడి పోయిన మొక్క ఏ గాలికీ నిలవదు. రోజూ సుడి చూడండి, గుడ్ల గుంపు కనబడితే నలిపేయండి. తొమ్మిది పాళ్లు ఇసుక, ఒక పాలు సున్నం కలిపి సుళ్లలో చిటికెడు చొప్పున వేయండి. ఆరు అంకణాలకు పావుగంట పని.

## 5. ఇరవై ఐదో రోజు: మట్టి ఎగదోయండి

పడిపోయిన మడుల్లో నూటికి తొంభై ఈ ఒక్క పని మానేసినవే అని నా అనుమానం. మొక్క మోకాలెత్తు వచ్చేసరికి రెండు వైపుల నుంచి మట్టి లాగి మొదట్లో నాలుగు ఆరంగుళాలు పోయండి. తర్వాత కింది కణుపుల నుంచి ఊడల్లాంటి వేళ్లు దిగి ఆ మట్టిని పట్టుకుంటాయి. మొక్కను నిలబెట్టే గుంజలు అవే. నలభయ్యో రోజుకు ఇంకోసారి కొంచెం మట్టి వేయండి.

యూరియా మీద ప్రేమ తగ్గించుకోండి. ఒకేసారి గుమ్మరిస్తే మొక్క నీరుబట్టి ఏపుగా లేస్తుంది, చిన్న గాలికే వంగుతుంది. మూడు దఫాలుగా వేయండి: విత్తేటప్పుడు కొంచెం, మట్టి ఎగదోసేటప్పుడు, పూతకు ముందు. పొటాష్ మానకండి, కాండానికి గట్టిదనం దాంతోనే వస్తుంది.

## 6. ముప్పై ఐదో రోజు: తాడు

మడి నాలుగు మూలలా, పొడవు వైపు ఆరడుగులకొకటి చొప్పున సరుగుడు కర్రలు పాతండి. సరుగుడు దొరక్కపోతే జామాయిల్, సుబాబుల్ ఏదైనా సరే. నేలలోకి అడుగున్నర దిగాలి, పైన ఐదడుగులు ఉండాలి.

మొదటి తాడు రెండడుగుల ఎత్తులో, రెండోది నాలుగడుగుల ఎత్తులో మడి చుట్టూ తిప్పండి. సాళ్ల మధ్య కూడా ఒకటి రెండు తాళ్లు అడ్డంగా లాగి కర్రలకు కట్టండి. ఒక్కో మొక్కను తాడుకు బిగించకూడదు. కాండం తాడు మధ్య ఊగాలి, కానీ పడకూడదు. నైలాన్ తాడు కన్నా కొబ్బరి పీచు తాడు మేలు, గాలికి కాండాన్ని కోయదు.

తాడు ఒక్క వైపే కడితే చాలనుకోవద్దు. తుపాను కదిలే కొద్దీ గాలి దిక్కు మారుతుంది. ఉత్తరం నుంచి వీచిన గాలి మధ్యాహ్నానికి దక్షిణం నుంచి రావచ్చు.

## 7. నలభయ్యో రోజు: కంచె

పీచు ఇంకా రాలేదు, పంది ఇంకా రాలేదు. కంచె కట్టాల్సింది అందుకే ఇప్పుడే.

చీరల కంచె. మన పల్లెల్లో అందరూ కట్టేదే, కానీ సగం మంది తప్పుగా కడతారు. బాట కలుపుకుని మన మడి చుట్టుకొలత 84 అడుగులు, ఐదు పాత చీరలు సరిపోతాయి. ఆరడుగులకో కర్ర పాతి చీర అడ్డంగా లాగి కట్టండి. పైఅంచు బిగువుగా ఉంటే చాలనుకోవడం తప్పు, అసలు పని కింది అంచుది. పంది కంచె దూకాలని చూడదు, ముట్టె కింద పెట్టి ఎత్తుతుంది. కింది అంచును జానెడు మట్టిలో పూడ్చి, పైన రాళ్లు పేర్చండి. చీర వెనక ఏముందో పందికి కనిపించకపోవడం, మనిషి వాసన, రెండూ కలిసి కొన్నాళ్లు ఆపుతాయి. ఉతికి కట్టే పొరపాటు చేయకండి.

ఇనుప జల్లెడ కంచె. ఏటా వేసేవాళ్లు దీని మీద ఒక్కసారి డబ్బు పెట్టడమే లాభం. మూడున్నర నాలుగడుగుల ఎత్తు ఉండాలి, అడుగు లోతు నేలలోకి దిగాలి. పూడ్చకుండా ఆనించి వదిలేసిన జల్లెడ కింద నుంచి నక్క కూడా దూరుతుంది.

తలవెంట్రుకలు. మంగలి షాపులో అడిగి తెచ్చి కంచె బయట అడుగు వెడల్పున చల్లుతారు. పంది వాసన చూస్తూ నేల తవ్వుకుంటూ వచ్చేటప్పుడు ముక్కుకు తగిలి చికాకు పెడతాయి. కంచెకు తోడుగా బాగుంటాయి, కంచెకు బదులుగా పనికిరావు. వాన పడితే మళ్లీ చల్లాలి.

దీపాలు, రేడియో, దిష్టిబొమ్మ. వీటి మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నాలుగో రాత్రికి పందికి అలవాటైపోతాయి. పెట్టేదుంటే పాలు పట్టే రోజులకు దాచుకుని, రెండు రోజులకోసారి చోటు మార్చండి. కదలని దిష్టిబొమ్మ తల మీద కాకి కూర్చోవడం మనందరం చూసిందే.

కరెంటు తీగ జోలికి మాత్రం పోకండి. ఇంటి కరెంటును తీగకు కలపడం నేరం. రాత్రి చెంబు పట్టుకుని బయటికొచ్చిన మనిషికి, తప్పిపోయిన దూడకు, పందికీ తేడా ఆ తీగకు తెలియదు. నాటు బాంబులు, ఉచ్చులు, విషం కలిపిన మేత కూడా అంతే. అడవి పంది, నెమలి, రామచిలక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జీవాలు, నెమలి అయితే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లోదే. విడతలుగా చిన్న షాక్ ఇచ్చే పరికరంతో నడిచే సోలార్ కంచె వేరు. అది కూడా తెలిసిన మనిషితో పెట్టించి, హెచ్చరిక బోర్డు కట్టండి.

కంచె దగ్గర సాధారణంగా జరిగే తప్పులు, వాటికి మందు:
- వాకిలి దగ్గర తడిక వదులుగా ఉండటం. పంది అక్కడే దూరుతుంది. తడికకు కింద కూడా ఒక కట్టు వేయండి.
- కంచెను మొక్కకు ఆనించి కట్టడం. బయట నుంచే పొత్తు అందుతుంది. మూడడుగుల ఎడం వదలండి.
- కంచె పక్కనే పిచ్చిమొక్కలు వదిలేయడం. ఎలుకలు, వాటి వెనక పాములు చేరతాయి. నాలుగడుగుల మేర శుభ్రంగా చెక్కండి.
- రాలిన పొత్తులు, వంటింటి తొక్కలు మడి పక్కన పారేయడం. మీరే పిలిచి వడ్డించినట్టు.

## 8. పీచు ఎండాక: చిలకలు, ఉడుతలు, ఎలుకలు

పీచు పచ్చగా, తడిగా ఉన్నన్నాళ్లు పొత్తును ముట్టుకోవద్దు, కప్పొద్దు. అది పుప్పొడి అందుకునే సమయం. కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండగానే పని మొదలెట్టండి.

1. పొత్తుకు పైనా కిందా ఉన్న ఆకులు రెండు తీసుకుని, తెంపకుండా పొత్తు చుట్టూ తిప్పండి.
2. కొస కనబడకుండా చుట్టి, పురికొసతో వదులుగా ఒక ముడి వేయండి.
3. ముందు చుట్టూ ఉన్న మొక్కలకు చేయండి. చిలకలు అంచు సాళ్ల మీదే ముందు వాలతాయి.
4. ఓపిక ఉంటే లోపలివాటికి కూడా. 160 పొత్తులకు ఇద్దరు కూర్చుంటే, కూర్చోవడం కాదు నిలబడాలి, ఒక పొద్దు పని.

పొత్తు కనబడకపోతే చిలక ఎక్కువసేపు వెతకదు. పది మొక్కలు చూసి వెళ్లిపోతుంది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

పాలిథిన్ కవర్లు తొడగకండి. లోపల చెమట పట్టి రెండు రోజుల్లో బూజు వస్తుంది. ఉల్లిపాయల వల సంచి ముక్కలు నయం, గాలి ఆడుతుంది.

పైన వల కట్టేవాళ్లకు కోస్తాలో సులువు. రొయ్యల గుంటల మీద పక్షులకు అడ్డం కట్టే వల పాతది దొరుకుతుంది. మొక్కకు అడుగు పైన బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడితే పక్షులు, పాములు చిక్కుకుంటాయి. రోజూ పొద్దున ఒకసారి చూసి, చిక్కిన పక్షిని కత్తెరతో వల కోసి వదిలేయండి. పాము చిక్కితే మీరు చేయి పెట్టకండి, పాములు పట్టడం తెలిసినవాళ్లను పిలవండి.

మెరిసే రిబ్బన్లు కడితే గాలికి మోత వచ్చేలా మెలితిప్పి కట్టాలి. నాలుగైదు రోజులు బాగా పనిచేస్తాయి.

ఎలుకలకు పెరట్లో మందు పెట్టడం నాకిష్టం లేదు, పిల్లలు, కుక్కలు, కోళ్లు తిరిగే చోటు అది. బోను పెట్టి, ఎండు చేప ముక్క కట్టండి. మొదటి రెండు రాత్రులు బోను తలుపు పడకుండా వదిలి, అలవాటయ్యాక మూడో రాత్రి బిగించండి. గట్టున కలుగులు ఎక్కువగా ఉంటే కుండతో పొగ పెట్టి పట్టే యానాదులు మన జిల్లాల్లో ఉన్నారు. ఆ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. అడిగినంత కూలి ఇచ్చి పిలవండి.

రాత్రి కాపలాకు వెళ్లేవాళ్లు టార్చి, బూట్లు లేకుండా మడిలో అడుగు పెట్టొద్దు. ఉరుముల వేళ మంచె మీద ఉండొద్దు.

## 9. కోతుల గురించి నిజం

భైరవకోన, పెంచలకోన చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, నల్లమల అంచున గిద్దలూరు వైపు వాళ్లు ఇది చదవండి. రోజూ మంద వచ్చే వీధిలో కోతిని ఆపే ఎత్తు కంచె లేదు. పైకప్పుతో సహా అన్ని వైపులా ఇనుప జల్లెడ ఉన్న పంజరం ఒకటే మార్గం. లేదా పాలు పట్టిన పన్నెండు రోజులూ పగలంతా ఒక మనిషి, ఒక కుక్క.

రెండూ కుదరకపోతే ఆ మడిలో స్వీట్ కార్న్ వేయకండి. పచ్చిమిర్చి, కాకర, పసుపు వేసుకోండి, కోతులు వాటి జోలికి తక్కువ వస్తాయి. ఆశ పెట్టుకుని, రెండు నెలలు నీళ్లు పోసి, ఒక్క పూటలో పోగొట్టుకున్న తర్వాత కలిగే బాధ నాకు తెలుసు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను.

## 10. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు

అదను చూసి వేసినా అకాల గాలివాన ఎప్పుడైనా రావచ్చు. వాతావరణ శాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన దగ్గర్నుంచి ఇలా వెళ్లండి.

రెండు రోజుల ముందు
- నీళ్లు పెట్టడం ఆపండి. తడిసిన నేల వేళ్లను పట్టుకోదు.
- యూరియా వేయకండి, కొట్టుకుపోతుంది.
- కాలువలో చెత్త, గడ్డి తీయండి. చివరి దాకా నడిచి చూడండి, ఎక్కువసార్లు మూసుకుపోయేది వీధిలో కలిసే చోట.
- తాళ్లు బిగించండి, ఊగే కర్రలకు ఏటవాలుగా పక్కకర్ర పెట్టండి.

ముందు రోజు
- పీచు ఎండి, గింజ గిల్లితే పాలు చిందుతున్న పొత్తులన్నీ కోసేయండి. నాలుగు రోజులు లేతవైనా పర్వాలేదు.
- పైన కట్టిన వల, చీరలు విప్పేయండి. గాలికి అవి తెరచాపలై కర్రలతో సహా మొక్కలను లాగేస్తాయి. ఈ ఒక్కటీ చాలామంది మర్చిపోతారు.
- ఇనుప రేకులు, కుండీలు, ఎగిరే వస్తువులు లోపల పెట్టండి.

గాలివాన సమయంలో
ఇంట్లోంచి కదలకండి. మడిని చూడాలనే టెన్షన్ ఉంటుంది, అయినా సరే.

## 11. గాలివాన తగ్గాక

మొదటి 24 గంటలు: నిలిచిన నీళ్లు బయటికి పంపండి. మిగతావి తర్వాత చూడొచ్చు. మొక్కజొన్న నిలవ నీటిని ఒకటి రెండు రోజులకు మించి ఓర్చుకోదు, మోకాలెత్తు లోపు మొక్క అసలు ఓర్చుకోదు.

వంగిన మొక్కలు: మగపూత ఇంకా రాకపోతే లేపకండి. రెండు మూడు రోజుల్లో కాండం వంపు తిరిగి తనంతట తానే పైకి లేస్తుంది. బలవంతంగా లేపితే మిగిలిన వేళ్లు కూడా తెగుతాయి. మొదట్లో మట్టి ఎగదోసి వదిలేయండి.

పూత వచ్చాక పడితే మాత్రం పూర్తిగా లేవదు. నేల ఇంకా మెత్తగా ఉండగానే, అదే రోజు, ఇద్దరు కలిసి నెమ్మదిగా సగం దాకా లేపి తాడుకు ఆనించి, మట్టి తొక్కండి. మర్నాటికి నేల బిగిస్తే ఆ పని చేయొద్దు. కాండం విరిగితే పొత్తు చూసుకుని, మొక్క తీసేయండి.

ఆకులు పసుపు పచ్చబడితే: వేళ్లకు గాలి అందక, నత్రజని కొట్టుకుపోయి అలా అవుతుంది. తెరిపి ఇవ్వగానే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. నేల ఆరి పదునుకు వచ్చాక ఆరు అంకణాలకు 125 గ్రాముల యూరియా మొదళ్ల దగ్గర వేసి మట్టి కప్పండి.

పూత సమయంలో వాన పట్టుకుంటే: పుప్పొడి తడిసి రాలదు. వాన తెరిపిచ్చిన రోజు పొద్దున ఎనిమిది, పది మధ్య మగపూతను కాగితం మీద దులిపి, ఆ పసుపు పొడిని పీచు మీద చల్లండి. మూడు రోజులు వరసగా చేయండి. చిన్న మడికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

కంచె: చీరలు ఆ సాయంత్రమే మళ్లీ కట్టండి. నేల మెత్తబడ్డ రాత్రి పందికి పండగ.

## 12. ఎండ, పడమటి గాలి

మార్చి రెండో సగంలో పొత్తు ఉంటే నీళ్లు తప్పించొద్దు. పీచు వచ్చినప్పుడు ఒక్క తడి తగ్గినా పొత్తు కొసన గింజలు కట్టవు. సాయంత్రం పెట్టండి. సాళ్ల మధ్య వరిగడ్డి గానీ వేరుశనగ పొట్టు గానీ మూడంగుళాలు పరిస్తే తడి నిలుస్తుంది. చెద ఉన్న నేలైతే గడ్డి మొదలుకు తగలకుండా జానెడు ఎడం ఉంచండి. పడమటి వైపు తాటాకుల దడి కడితే వేడిగాలి కొంత తగ్గుతుంది.

## 13. కోత: ఒక్క రోజు కూడా దానం చేయకండి

పీచు వచ్చిన 18వ రోజు నుంచి రోజూ చూడండి. పీచు పూర్తిగా నల్లబడి ఎండాలి, రేకులు పచ్చగా ఉండాలి. కొస కొంచెం విప్పి గింజను గోటితో గిల్లండి. నీళ్లలా వస్తే ఇంకో రెండు రోజులు. పాలలా చిందితే ఆ పూటే. పిండిలా వస్తే ఆలస్యమైంది, కాల్చుకుని తినండి.

తెల్లవారుజామున, ఎండ తగలకముందు కోయండి. చిలకలు లేచేలోపు మీ బుట్ట నిండాలి. మిగిలినవి పాలకొచ్చే దాకా అంచు సాళ్ల పొత్తులు ముందు, లోపలివి తర్వాత కోసుకుంటూ వెళ్లండి.

కోసిన పొత్తు లోపలి తీపి గంట గంటకూ పిండిగా మారుతుంది. నీళ్లు ముందే పొయ్యి మీద పెట్టి కోతకు వెళ్లేవాళ్లున్నారు, నేనూ అంతే. ఎక్కువైనవి రేకులతోనే ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతాయి.

ఆఖరి పొత్తు కోసిన రోజే మొక్కలు నరికి పశువులకు వేయండి. ఆకు చుట్టుకు కట్టిన పురికొస ముక్కలు ముందే విప్పండి, గేదె కడుపులోకి పోతాయి. చీరలు మడిచి దాచండి. వచ్చే పంటకు కట్టేటప్పుడు మళ్లీ మనిషి వాసన పట్టాలంటే ఓ రెండు వారాల ముందు తీసి, మంచం మీద పరుచుకుని పడుకోండి.